మిరప కల్లం మీద రాగి తీగ

ఆరో తరగతి పిల్లలకు కొలతల పాఠం నేను పదేళ్ళకు పైగా చెప్పాను. జాన, మూర, బార నమ్మదగ్గ కొలతలు కావనీ, మనిషి మనిషికీ చెయ్యి మారుతుంది కాబట్టే మీటరు అనేది ఒకటి అవసరమైందనీ ఏటా బల్ల గుద్ది మరీ చెప్పేవాణ్ణి. ఆ గుద్దిన బల్లనే పిల్లల చేత జానలతో కొలిపించి, ఒకడికి పన్నెండూ ఇంకొకడికి పద్నాలుగూ వస్తే, "చూశారా!" అని చాక్‌పీసు పైకెత్తేవాణ్ణి. అలాంటి నేను, ఒక కొలత మీద నా పరువంతా ఆధారపడిన రోజున, రెండు చేతులూ చాపి రాగి తీగను బారలతో కొలిచాను. టేపు తేవడం మర్చిపోయాను. బుర్ర కూడా తేలేదన్న సంగతి మరో వారానికి గాని బయటపడలేదు.

అవి తొంభైల చివరి రోజులు. నేను ఒంగోల్లో ఒక హైస్కూల్లో సైన్సు మాస్టారిని. హామ్ రేడియో పిచ్చి నాకు కొత్తగా పట్టింది. సొంతంగా కట్టుకున్న సెట్టుతో, ప్రభుత్వం పరీక్ష పెట్టి ఇచ్చిన లైసెన్సుతో, ముక్కూ మొహం తెలియని వాళ్ళతో గాలిలో కబుర్లాడుకునే సరదా అది. దానివల్ల లాభమేమిటని అడిగిన వాళ్ళందరికీ నేను చాలా సేపు జవాబు చెప్పేవాణ్ణి. జవాబు పొడుగయ్యే కొద్దీ లాభం లేదని వాళ్ళకే అర్థమయ్యేది. హామ్ అయినప్పటి నుంచి నాకు ఇంకో జబ్బు కూడా వచ్చింది: అడగని వాళ్ళకు కూడా హామీలు ఇవ్వడం. "వచ్చే నెలకల్లా మద్రాసుతో మాట్లాడతా", "దసరాకల్లా సిలోన్‌తో మాట్లాడతా" అంటూ స్టాఫ్ రూములో చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి. మద్రాసు గాని సిలోన్ గాని నాతో మాట్లాడే ఉద్దేశం ఎప్పుడూ కనబరచలేదు.

సెట్టు ఉంది. సగం నేనూ, సగం విజయవాడలో ఒక పెద్దాయనా కలిసి ఒక బిస్కెట్ రేకు డబ్బాలో కట్టాం. పనిచేసే సగం ఆయనది. లేనిదల్లా తీగ కట్టుకునే చోటు. మేం అద్దెకున్న ఇంటి వాళ్ళు డాబా మీద తీగ కడితే పిడుగు నేరుగా వాళ్ళ నీళ్ళ ట్యాంకులోకి దిగుతుందని భయపడ్డారు. స్కూలు ఆవరణలో కడతానంటే హెడ్మాస్టరు గారు, పిల్లలు దానికి ఊయల వేస్తారన్నారు. మిగిలింది మా బావ కల్లం ఒక్కటే.

మా బావ అంటే మా మేనమామ కొడుకు, మా అక్క మొగుడు. ఆ ఊరు గుంటూరు వైపు గంటన్నర ఎర్రబస్సు ప్రయాణం. రోడ్డుకు ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప, చివరన బావ. మనిషి ఆరడుగుల పైచిలుకు. నేను అయిదడుగుల కిందిచిలుకు అనిపించేలా ఉంటాను. ఆయన్ని పొగడాలన్నా నేను మెడ నొప్పి తెచ్చుకోవాలి కాబట్టి చిన్నప్పటి నుంచీ ఆ పని పెట్టుకోలేదు. ఆయనా నన్ను పొగిడి ఎరగడు. పదో తరగతి లెక్కల పరీక్ష దగ్గర చదువు ఆపేసి పొలం పట్టుకున్నాడు. చదువుకున్న బామ్మర్ది ఏదైనా తప్పు చేస్తే ఆ రోజు ఆయనకు అన్నం ఇంకో ముద్ద ఎక్కువ దిగేది.

అందుకే కల్లం అడిగినప్పుడు వెంటనే ఒప్పుకున్నాడు. ఊరికే వినోదం దొరుకుతుంటే ఎవరు కాదంటారు?

నేను వెళ్ళింది ఫిబ్రవరి నెలలో ఒక ఆదివారం. కోత అయిన మిరపకాయలు కల్లమంతా ఆరబోసి ఉన్నాయి. నడవడానికి మధ్యలో జానెడు దారి వదిలారు. పక్కన పాక నీడలో పది పన్నెండు మంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని కాయలు ఏరుతున్నారు. మంచి ఎర్రకాయ ఒక పక్క, తెల్లబడిన తాలు కాయ ఇంకో పక్క. వాళ్ళ ముఠాకు పెద్ద ఒక ముసలమ్మ. ఆమె చేతులు కాయలు ఏరుతుంటే నోరు మనుషుల్ని ఏరేది. నన్ను చూసిన మొదటి నిమిషంలోనే తాలు గుట్టలో పడేసింది.

తీగ మాత్రం మేలైనది. బావ బోరు మోటారు లోవోల్టేజీకి కాలిపోతే వైండింగ్ షాపువాళ్ళు కొత్త తీగ చుట్టి, పాతది చుట్టగా చుట్టి ఇచ్చారు. అందులో కాలని భాగం పొడుగ్గానే మిగిలింది. కేబుల్ టీవీ వాళ్ళు మా వీధిలో వదిలేసిన వైరు ముక్క, తీగ నడుమా కొసలా ఆధారంగా ఉండటానికి బోరు పైపు నుంచి కోసిన మూడు ప్లాస్టిక్ ముక్కలు, గోతాలు కుట్టే పురికొస, ఇరవై అడుగుల ఎండు వెదురు, ఇవీ నా సామగ్రి. ఇలాంటి తీగను మధ్యకు కోసి, కోసినచోట కేబుల్ తగిలించి, ఆ నడిమి భాగాన్ని వెదురు కొసన పైకి లేపి, రెండు చివర్లూ చెరో పక్కకు వాల్చి కడితే ఇంగ్లీషు 'వీ' అక్షరాన్ని బోర్లించినట్టు ఉంటుంది. అందుకే ఇన్వర్టెడ్ వీ అంటారు. "వాలిన మీసంలాగా ఉందిరా" అన్నాడు బావ.

నేను మాట్లాడదలచిన ఏడు మెగాహెర్ట్జ్‌కు ఆ మీసం అటూ ఇటూ కలిపి అరవై ఆరడుగులు ఉండాలి. కాస్త తగ్గినా పెరిగినా సెట్టులో పుట్టిన శక్తి బయటికి పోకుండా మొరాయిస్తుంది. అరవై ఆరడుగులు. బార అంటే రెండు గజాలు, అంటే ఆరడుగులు. మా ప్రాంతంలో బావి లోతు చెప్పినా పలుపు పొడుగు చెప్పినా ఇదే లెక్క. పదకొండు బారలు! ఇంత గుండ్రంగా లెక్క కుదిరినప్పుడు టేపు కోసం ఊళ్ళోకి ఎవరు వెళతారు? ఆడవాళ్ళందరూ చూస్తుండగా రొమ్ము విరిచి, చేతులు చాపి, ఒకటీ రెండూ అంటూ పదకొండు దాకా కొలిచి కటింగ్ ప్లేయర్‌తో కోశాను.

"ఏంది మాస్టారూ, డాన్సా?" అంది ముసలమ్మ.

"కాదమ్మా, కొలత."

"అట్టాగా. కొంగ ఎగరబోయి మానుకున్నట్టుంటేనూ."

వెదురును పాక నిట్రాడకు పురికొసతో కట్టాం. టిక్కీ మీద, అంటే కాయలు తొక్కి కుట్టిన గోతాం మీద, నేను కూర్చున్నాను. ముందు ఇంకో టిక్కీ మీద సెట్టు. ట్రాక్టర్ బ్యాటరీ నుంచి కరెంటు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి మీట తిప్పాను. ఎవరో హిందీలో మాట్లాడుకుంటున్నారు, ఇంకెవరో తమిళంలో నవ్వుతున్నారు. నాకు ఒళ్ళు పులకరించింది. హెడ్‌ఫోన్ తీసేసి స్పీకర్ తగిలించి అందరికీ వినిపించాను.

"అబ్బో!" అన్నాడు బావ నిజంగానే. ఆ 'అబ్బో' దగ్గర ఆగి ఉంటే ఈ కథే లేదు.

మైకు తీసుకుని, "సీక్యూ, సీక్యూ, సీక్యూ" అని పిలిచాను. ఎవరైనా సరే పలకండి అని దాని అర్థం. ఘాటుకు రెండు తుమ్ములు వచ్చాయి. అవి కూడా గాలిలోకి వెళ్ళాయి. ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచాను. గంట సేపు పిలిచాను. తమిళంలో నవ్వేవాళ్ళు నవ్వుతూనే ఉన్నారు, నన్ను చూసి కాదు.

"ఎవర్ని పిలుస్తన్నాడు? కోళ్ళనా?" అంది ముసలమ్మ.

"కోళ్ళయితే ఈపాటికి వచ్చేవి" అంది పక్కనున్నావిడ.

బావ నా పక్కనే గొంతుక్కూర్చున్నాడు. "ఒరేయ్, వాళ్ళ మాటలు నీకు ఇనపడతన్నాయి. నీ మాట వాళ్ళకి ఇనపడదు. అంతేనా?"

"ప్రస్తుతానికి అంతే."

"దానికి ఇంత తీగెందుకురా? పెళ్ళొక్కటి చేసుకుంటే సరిపోద్దిగా. పద్నాలుగేళ్ళనించీ మీ అక్క దగ్గర నా పరిస్థితి అదే."

నేను సైన్సు మాస్టారిని. నా దగ్గర కారణాలకు కొదవ లేదు. ముందు, ఆడవాళ్ళు తీగ కొసకు తగిలించిన అన్నం క్యారేజీలే కారణమన్నాను. వాళ్ళు తిట్టుకుంటూ తీసేశారు. ఆ తర్వాత ఎండ ఎక్కువన్నాను. చివరికి ఆకాశంలో అయనోస్ఫియర్ అనే పొర ఒకటి ఉంటుందనీ, మన మాట దానికి తగిలి దూరంగా దిగుతుందనీ, ఇవాళ ఆ పొర బాగోలేదనీ చెప్పాను.

"ఆకాశం బాగాలేదంటావు" అన్నాడు బావ.

"అవును."

"నీ తీగ బాగానే ఉందంటావు."

"అది లెక్క ప్రకారం కట్టింది బావా."

ఆయన పైకి చూశాడు. ఆకాశాన్ని ఇంత జాలిగా చూసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. లేచి, ముఠా అంతా వినేలా తీర్పు చెప్పాడు: "సరే. వచ్చే ఆదివారం ఇంకోసారి. మిట్ట మధ్యాన్నం అన్నాల వేళ దాకా టైము. వేరే రాష్ట్రంవోడు ఒక్కడు నీతో మాట కలిపాడా, కోత సీజను ఉన్నన్నాళ్ళూ ప్రతి ఆదివారం ఈ కల్లం నీది. కలపలేదా, ఆ తీగ నాది. కాకర పందిరికి తక్కువొచ్చింది. నువ్వు ఆదివారాలు ఇంట్లో కూర్చుని పేపర్లు దిద్దుకో. ఊళ్ళో ఎస్టీడీ బూతు పెట్టి రెండేళ్ళయింది, మాట్లాడాలంటే అక్కడికెళ్ళు."

నేను ఒప్పుకున్నాను. హామీ ఇవ్వడం నాకు అలవాటని చెప్పాను కదా.

ఒంగోలు వెళ్ళాక ఆ వారమంతా నాకు నిద్ర సరిగా పట్టలేదు. కల్లం పోతే నాకు ఇంకో చోటు లేదు. చోటు లేని హామ్ అంటే అటకెక్కిన రేకు డబ్బా. లైసెన్సు కోసం రెండేళ్ళు మోర్స్ కోడ్ నేర్చుకుంటూ మా ఆవిడ చేత పిచ్చివాడనిపించుకున్నాను. పప్పు కావాలా అని అడిగితే చెంచాతో కంచం అంచు మీద టకటకలాడించి కావాలని చెప్పిన రోజులున్నాయి. అదంతా కాకర పందిరి కిందికి పోవడమేనా? సెట్టు విప్పాను. ప్రతి అతుకూ మళ్ళీ సోల్డరింగ్ చేశాను. మైకు మార్చాను. కేబుల్ చివర మార్చాను. అన్నీ అనుమానించాను, నా చేతుల్ని తప్ప. తీగ కల్లంలోనే ఉంది కాబట్టి దాని జోలికి పోలేదు. పైగా అది లెక్క ప్రకారం కట్టింది కదా.

రెండో ఆదివారం మొదటి బస్సుకే దిగాను. తొమ్మిదింటికల్లా పిలవడం మొదలుపెట్టాను. అక్క కాఫీ తెచ్చి కాసేపు విన్నది.

"తమ్ముడూ, అన్నీ ఇంగ్లీషులోనే పిలుస్తావేం? ఎవరన్నా మనవాళ్ళుంటే ఎట్టా తెలుస్తది? తెలుగులో పిలువు."

"ఇది అంతర్జాతీయ పద్ధతి అక్కా."

"పలికేవాడు లేని పద్ధతి ఏ జాతిదైతే ఏంది?"

పదకొండు దాటింది. ఎవరూ పలకలేదు. పందిరి రాటలు పాతుతూ బావ మధ్యమధ్య నా వైపు చూసి నవ్వుతున్నాడు. చివరికి ఆగలేక గడువు ఇంకా ఉండగానే వచ్చి, "ఒకసారి దింపరా, పందిరికి సరిపోద్దో లేదో చూసుకుంటా" అన్నాడు. నేను అడ్డం చెప్పేలోపే వెదురు వంచి తీగ అందుకుని, పలుపు కొలిచినట్టు బారలు కొలవడం మొదలుపెట్టాడు. ఆయన చేతులు చాపితే కల్లానికి ఈ కొస నుంచి ఆ కొసకు నీడ పడింది.

ఏడు. ఎనిమిది. తొమ్మిది. తీగ అయిపోయింది. ఒక మూర మిగిలింది.

"ఎన్ని బారలన్నావురా?"

"పదకొండు."

"తొమ్మిదీ, చిల్లర."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన కళ్ళు మెల్లగా నా భుజాల మీదికి వెళ్ళాయి, అక్కడి నుంచి నా చేతి వేళ్ళ దాకా వచ్చాయి. ఆ ప్రయాణం ఎక్కువ సేపు పట్టలేదు. అదే కదా వచ్చిన చిక్కు.

"ఒకసారి చేతులు చాపు" అన్నాడు.

"బావా..."

"చాపరా!"

చాపాను. అక్క రవికలు కుట్టే టేపు తెచ్చి ఈ కొస నుంచి ఆ కొసకు పట్టింది. "అయిదడుగుల రెండంగుళాలు" అని ప్రకటించింది, తమ్ముడన్న జాలి గొంతులో ఏ మూలా లేకుండా.

బావ నేల మీద కూర్చుండిపోయాడు. నవ్వడానికి ఆయనకు ఊపిరి చాల్లేదు. "ఆకాశం బాగాలేదన్నాడే! ఆకాశం! ఆకాశాన్ని తిట్టాడమ్మా, తన చేతులు పొట్టివని చెప్పకుండా!" పాకలో ముఠా మొత్తం ఏరడం ఆపేసింది. ముసలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "ఊరుకో అయ్యా, పిల్లోడు మాస్టారు గదా, తెలివంతా తలకాయలో ఉంది, చేతులకి చాల్లా" అంది. ఓదార్పే అయి ఉండాలి.

నేను సిగ్గుపడుతూనే లెక్క వేశాను. తొమ్మిదడుగుల పైన తక్కువ! వినడానికైతే పొట్టి తీగ చాలు, మాట పంపడానికే చాలదు. ఈ తీగతో నేను రెండు ఆదివారాలుగా పిలుస్తున్నది ఎవరూ వినని వీధిలో నిలబడి. తప్పు దొరికింది. పట్టుకున్నది పదో తరగతి లెక్కలు తప్పిన మనిషి. పరువు పోయినా కారణం చేతికి వచ్చినందుకు లోపల ఎక్కడో చిన్న ఆనందం. అన్నాల వేళకు ఇంకా గంట ఉంది.

"ఒక్క గంట ఇవ్వు బావా. తీగ నీదే. గంట తర్వాత తీసుకో."

"తీసుకో. గంట కూడా మీ అక్క టేపుతో కొలుచుకో."

చుట్టలో మిగిలిన తీగ నుంచి చెరో వైపుకీ ఒక ముక్క కోసి, మెలేసి, అతుకు వేశాను. ఈసారి అంగుళం అంగుళం టేపుతో, అక్క పర్యవేక్షణలో. మీసం పెరిగింది కాబట్టి పాత గూటాలు పనికిరాలేదు. ఒక కొస ఎద్దుల బండి కాడికి కట్టాను. రెండో కొస కాయల మీద కప్పే పరదా పట్ట మేకు దగ్గరకు తీసుకెళ్ళి బిగించాను. తొందరలో కాస్త ఎక్కువ బిగించాను. నిట్రాడ దగ్గర పురికొస పుటుక్కుమంది. వెదురు మొదట ఆలోచించినట్టు ఆగి, తర్వాత సరాసరి ఆడవాళ్ళ మీదికి ఒరగడం మొదలుపెట్టింది.

"ఏయ్!" అని బావ రెండంగల్లో వచ్చి దాన్ని పట్టేశాడు. అంత పొడుగు మనిషి కాకపోతే అందేదే కాదు, ఇది మాత్రం ఒప్పుకోవాలి. మొదలు నేల మీద ఆనించి, రెండు చేతులతో నిటారుగా నిలబెట్టి, "తాడు తేరా, కడదాం" అన్నాడు.

"వస్తున్నా. ఒక్కసారి చూసి వస్తా" అని నేను సెట్టు దగ్గరికి పరిగెత్తాను. అక్క మాట కూడా ఎందుకు తీసెయ్యాలని ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి పిలిచాను. "ఎవరైనా వింటున్నారా? గుంటూరు, ఒంగోలు మధ్య ఒక మిరప కల్లం నుంచి పిలుస్తున్నాను. ఓవర్."

మీట వదిలాను. గరగర. ఆ గరగరలోంచి ఒక గొంతు:

"వింటున్నామండీ! చాలా బాగా వినిపిస్తున్నారు. అయిదు, తొమ్మిది. మాది కర్ణాటక, గంగావతి పక్కన తెలుగువాళ్ళ క్యాంపు. మా తాతల కాలంలో మీ గుంటూరు వైపు నుంచే వచ్చాం. మిరప కల్లం అన్నారు, నిజంగానా? ఓవర్."

అక్క చేతిలో టేపు కింద పడింది. నేను ఏం మాట్లాడానో నాకు సరిగ్గా గుర్తులేదు. లైసెన్సులో ఇచ్చిన నా పిలుపు గుర్తు తప్పు చెప్పి దిద్దుకున్నానని మాత్రం తెలుసు.

"అయిదూ తొమ్మిదా? మార్కులా? ఎన్నిటికి?" అన్నాడు బావ వెదురు వెనక నుంచి.

"పూర్తి మార్కులు బావా. స్పష్టంగా వినిపిస్తే అయిదు, గట్టిగా వినిపిస్తే తొమ్మిది."

"వేరే రాష్ట్రమేనా?"

"కర్ణాటక."

బావ మొహంలో ఓడిపోయిన మనిషి కనిపించలేదు. పందెం ఆ క్షణానే మర్చిపోయాడు. కళ్ళు మెరిశాయి. "గంగావతా? అక్కడ కూడా మిరపేస్తారురా! కాయ ఎంత పలుకుతుందో అడుగు!"

"వ్యాపారం మాటలు మాట్లాడకూడదు బావా. లైసెన్సు పోతుంది."

"ఏం చెప్తున్నావురా? ఇంత దూరం తీగేసి ధర అడక్కూడదా? మరి ఏం మాట్లాడతారు?"

"వాతావరణం. సెట్టు. తీగ."

"అయితే మైకు ఇటివ్వు. నేనడుగుతా. నాకు లైసెన్సే లేదుగా, పోవడానికి."

"లైసెన్సు లేనివాళ్ళు మైకు ముట్టుకోకూడదు."

"అయితే ముందు ఈ వెదురన్నా కట్టు!"

ఇక్కడ నేను ఒక సంగతి దాచకుండా చెప్పాలి. తాడు అక్క చేతిలో సిద్ధంగా ఉంది. కట్టడానికి రెండు నిమిషాలు చాలు. అక్క తాడు ఎత్తి నా వైపు చూసింది. నేను కనుబొమ్మలతో వద్దన్నాను. అక్క ఒక్క క్షణం నన్నూ, ఒక్క క్షణం మొగుణ్ణీ చూసి, తాడును జాగ్రత్తగా చుట్ట చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. పద్నాలుగేళ్ళ కాపురం ఆమెది.

"కదలకు బావా!" అన్నాను గంభీరంగా. "ఇప్పుడు కదిలితే కర్ణాటక పోతుంది."

బావ కదల్లేదు. మాకు వాన ఎప్పుడు పడిందో గంగావతికి చెప్పాను, వాళ్ళకు కాలవ ఎప్పుడు వదిలారో ఆయన చెప్పాడు. బ్యాటరీ గురించి మాట్లాడుకున్నాం. ఆయన తాతగారి ఊరి చెరుకు గానుగ గురించి మాట్లాడుకున్నాం. ఇరవై నిమిషాలు గడిచాయి. ఎండలో, రెండు చేతులతో వెదురు పట్టుకుని, ముక్కు మీద ఈగ వాలినా తోలుకోలేక, గొంతు తగ్గించి "ధర, ధర" అని గొణుగుతూ మా బావ నిలబడి ఉన్నాడు. ఆయన ఎదురుగానే ముసలమ్మ అన్నం మూట విప్పుకుని తీరిగ్గా చూస్తోంది.

"అయ్యా, నువ్వు కూడా అయిదా, తొమ్మిదా?" అని అడిగింది.

అప్పుడు గంగావతి ఆయన, హామ్‌లందరూ తప్పకుండా అడిగే ప్రశ్న అడిగాడు. "ఇంతకీ మీ యాంటెన్నా ఏంటండీ? ఎంత ఎత్తున కట్టారు? దేనికి కట్టారు? వివరంగా చెప్పండి. ఓవర్."

వివరంగా చెప్పడం నాకు ఇష్టమైన పని.

"ఇన్వర్టెడ్ వీ అండీ. రాగి తీగ, సొంత తయారీ. ఎత్తు ఇరవై అడుగులు. స్తంభం రెండు భాగాలు. పై భాగం వెదురు. కింది భాగం మా బావ. ఓవర్."

కాసేపు గరగర. "స్తంభం కింది భాగం సరిగ్గా అందలేదండీ. మళ్ళీ చెప్పండి. ఓవర్."

మాట అందకపోతే అక్షరం అక్షరం విడదీసి చెప్పడం మా పద్ధతి. "బాపట్లలో బా. వరంగల్‌లో వ. బావ. మా అక్క భర్త. ఆరడుగుల పైన ఉంటారు. అరగంటగా పట్టుకుని నిలబడ్డారు. చాలా దిట్టమైన స్తంభం. ఓవర్."

ముందు స్పీకర్లో నవ్వు పగిలింది, తర్వాత పాకలో. కల్లం మీద నుంచి పిట్టలు లేచిపోయాయి.

"ఒరేయ్!" అన్నాడు బావ. ఒరేయ్ తప్ప ఇంకేమీ చేయలేకపోయాడు. చెయ్యి వదిలితే వెదురు వెళ్ళి ముసలమ్మ అన్నంలో పడుతుంది.

"బావగారికి మా నమస్కారాలు చెప్పండి" అన్నాడు గంగావతి ఆయన ఊపిరి తీసుకుని. "మన మాట కలిసినందుకు గుర్తుగా కార్డు రాస్తాను. చిరునామా చెప్పండి. ఓవర్."

హామ్‌లు మాట కలిస్తే పోస్టులో కార్డు పంపుకుంటారు. ఎప్పుడు మాట్లాడాం, ఎలా వినిపించారు, ఏ యాంటెన్నా అన్నవన్నీ దాని మీద రాస్తారు. నేను ఒంగోలులో మా ఇంటి చిరునామా చెప్పబోయి ఆగాను. బావ వైపు చూశాను. బావ ఊరు, బావ వీధి, కేరాఫ్ బావ పేరు అని, నిదానంగా, అక్షరం తప్పు పోకుండా రెండుసార్లు చెప్పాను.

బావ మాట మీద నిలబడ్డాడు. నిలబడడం ఆ రోజు ఆయనకు బాగా అలవాటైంది. ఆ సీజనంతా ఆదివారాలు కల్లం నాదే అయింది. కాకర పందిరికి వేరే తీగ కొన్నాడు. చేతులు నొప్పులని రెండు రోజులు అక్క చేత తైలం రాయించుకున్నాడట. మూడో రోజుకు అంతా మర్చిపోయాడు.

మూడు వారాలకు కార్డు వచ్చింది. ఆ ఊరి పోస్టుమాన్ కవరైతే విప్పడు గాని, కార్డయితే ఊరుకోడు. ముందు తను చదువుతాడు. బాగుంటే బస్సు స్టాపు దగ్గర కాఫీ హోటల్లో నలుగురికీ వినిపిస్తాడు. ఆ తర్వాతే ఇంటికి చేరుస్తాడు. ఇది బాగుంది. పెద్ద తెలుగు అక్షరాలతో రాసి ఉంది: 'మీ సిగ్నల్: అయిదు, తొమ్మిది. మీ యాంటెన్నా: ఇన్వర్టెడ్ వీ. స్తంభం: పై భాగం వెదురు, కింది భాగం బావగారు. ఇంత మంచి స్తంభాన్ని వానకు తడవనివ్వకండి.'

ఆ సాయంత్రం స్కూలు ఆఫీసు ఫోను మోగింది. బావ. ఎస్టీడీ బూతు నుంచి.

"ఒరేయ్, కాఫీ తాగడానికి పోతే హోటలోడు నన్ను కూర్చోమనలేదురా! 'స్తంభానికి కుర్చీ ఎందుకండీ' అంటున్నాడు! ఆ కార్డు నీకు రావాల్సింది. నీ ఇంటి అడ్రసు చెప్పక నాదెందుకు చెప్పావు?"

"రూలు బావా," అన్నాను. "స్టేషన్ ఎక్కడుంటే కార్డు అక్కడికే రావాలి."

రూలంటే ఏం చేస్తాడు పాపం, పెట్టేశాడు.

మైకు ముట్టుకోకూడదన్న రూలు నిజం. ధర అడగకూడదన్నదీ నిజం. ఈ మూడోది మాత్రం ఆ నిమిషంలో నేను పెట్టిందే.